పైన్ అడవిలో ఒక చుట్టు

మా పిన్నికి దారులు తెలియవు. మతిమరుపు అనుకునేరు, అదేం కాదు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరికి ఏ రంగు నప్పదో, ఎవరి కోటు లోపలి జేబు ఎప్పుడు చిరిగిందో అడగండి, ఠక్కున చెప్పేస్తుంది. దారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె బుర్రలో ఏదో దీపం ఆరిపోతుంది. ఏదైనా దుకాణంలోకి వెళ్ళి బయటికి వచ్చిందంటే, తాను ఎటు నుంచి వచ్చిందో, ఎటు పోవాలో అంతుపట్టదు. ఒకసారి నీళ్ళ సీసా కోసం ప్లాట్‌ఫారం మీదికి దిగి, తిరిగి ఎక్కేటప్పుడు పక్క రైలెక్కి, ఎవరిదో సీటులో హాయిగా నిద్రపోయిన మనిషి. మా వీధిలోకి తిరగాల్సింది పక్క వీధిలోకి తిరిగి, మా తలుపులాగే ఆకుపచ్చగా ఉన్న ఇంకెవరిదో తలుపు తట్టి, ఆ ఇంటావిడతో కబుర్లు చెప్పి, టీ తాగి, చివరికి ఆవిడే వెంటబెట్టుకొచ్చి మా ఇంట్లో దిగబెట్టిన సందర్భాలు ఒకటి కాదు.

నాన్న ఆమెకు ‘దిక్సూచి’ అని పేరు పెట్టాడు. పిన్ని ఉడుక్కోదు. “బావగారు పెట్టిన పేరేగా, ఉండనివ్వండి” అంటుంది.

పిన్ని మా అమ్మకు స్వయానా చెల్లెలు. బాబాయి పోయి చాలా కాలమైంది. ఆయన బతికున్నప్పుడు ఎప్పుడూ ఒక అడుగు ముందు నడిచేవాడు, పిన్ని ఆయన వీపు చూసుకుంటూ వెళ్ళేది. ఆయన పోయాక ఒక డ్రై క్లీనింగ్ దుకాణంలో ఆల్టరేషన్ పనికి కుదిరింది. దుకాణం మీదనే ఒక గది అద్దెకు తీసుకుంది. అందరూ ఎంత ముందుచూపో అని మెచ్చుకున్నారు. అసలు సంగతి మాకు తెలుసు. మెట్లు దిగితే పని, మెట్లెక్కితే ఇల్లు. తప్పిపోవడానికి మధ్యలో దారంటూ ఉండదు.

ఆ దుకాణం వెనక భాగంలో, ఎప్పుడూ ఆవిరి పట్టి ఉండే కిటికీ పక్కన ఆమె బల్ల. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పెదాల మధ్య గుండుసూదులు. సూదులు నోట్లో పెట్టుకునే మాట్లాడగలదు, నవ్వగలదు, కోప్పడగలదు. ప్యాంటు పొడవు తగ్గించమని ఎవరైనా వస్తే ముందు టేపు తీయదు. “అలా తలుపు దాకా నడిచి రండి” అంటుంది. ఆ నడకలోనే ఏ భుజం వాలి ఉందో, ఏ కాలు మీద బరువు ఎక్కువ పడుతోందో చూసుకుంటుంది. తర్వాతే సుద్దగీత.

మా అమ్మ ఇందుకు పూర్తిగా వేరు. అమ్మ ఒక పెద్ద అచ్చాఫీసులో బైండింగ్ విభాగం చూసేది. మడత యంత్రాలు, కత్తిరింపు యంత్రాలు దడదడలాడుతుంటే వాటి మీదుగా పనివాళ్ళకు వినబడేలా మాట్లాడీ మాట్లాడీ అమ్మ గొంతు మామూలుగానే రెండిళ్ళ అవతలికి వినబడేది. అమ్మ ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఫోన్‌ను చెవికి మూరెడు దూరంలో పట్టుకునేవాడు. ఒక వాన రోజున అమ్మ అచ్చాఫీసు మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల ఇనుప పలక బిగించారు. నెలలు గడిచాయి. ఎముక అతుక్కుంది. డాక్టరు సంతోషించాడు. అమ్మ మాత్రం లేవలేదు.

లేవలేదంటే, మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా చేతికర్ర పట్టుకుని నడిచేది. అంతకు మించి అడుగు వేయమంటే “రేపు చూద్దాంలే” అనేది. పడిపోతానేమోనన్న భయం ఆమెను పట్టుకుని వదలలేదు. ఆ భయం కాళ్ళతో ఆగకుండా గొంతులోకి కూడా పాకింది. అమ్మ గుసగుసలాడినట్టు మాట్లాడడం మొదలుపెట్టింది. నాన్న కూడా చప్పుడు కాకుండా గిన్నెలు కడిగేవాడు. ఇంట్లో గడియారం టిక్కుటిక్కు వినబడుతుంటే నాకు ఏడుపొచ్చేది.

ఆ రోజుల్లో పిన్ని ఒక పని చేసింది. అమ్మకు ఒక కాలు వెంట్రుకవాసి పొట్టి అయింది. ఎవరూ గమనించేంత కాదు. కానీ అమ్మ అద్దం ముందు నిలబడి ప్యాంటు అంచుల కేసి చూసుకునేది, ఒక వైపు నేలకు తగిలేది. పిన్ని అమ్మ ప్యాంట్లన్నీ ఉతకడానికని పట్టుకెళ్ళి, ఒక్కో కాలు ఒక్కో కొలతకు మడిచి కుట్టి తెచ్చి, ఏమీ ఎరగనట్టు బీరువాలో సర్దేసింది. ఆ తర్వాత అమ్మ అద్దంలో కాళ్ళ వైపు చూడడం మానేసింది.

ఒక ఆదివారం ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి అమ్మ కాలు ఆడించి చూసి, గట్టిగానే చెప్పింది. “ఇక ఇంట్లో నడిస్తే లాభం లేదండీ. నున్నటి గచ్చు మీద కాదు, ఎగుడుదిగుడు నేల మీద నడవాలి. కాలికి ధైర్యం రావాలి.”

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక పిన్ని అంది, “అక్కా, పైన్ అడవికి వెళ్దాం.”

ఊరి చివర, బస్సు ఆఖరి స్టాపు దాటాక ఒక పైన్ అడవి ఉంది. గేటు దగ్గర మొదలై, ఒక చిన్న గుట్టను చుట్టి, మళ్ళీ గేటు దగ్గరికే వచ్చే కాలిబాట ఒకటి ఉంది. పిల్లలు కూడా మధ్యాహ్నంలోపు చుట్టి వచ్చేస్తారు. పెళ్ళయిన కొత్తలో అమ్మా నాన్నా అక్కడికి వెళ్ళేవారు.

“ఎవరు తీసుకెళ్తారు?” అంది అమ్మ, గోడకేసి చూస్తూ.

“నేను.”

అమ్మ మెల్లగా తల తిప్పి చెల్లెలి మొహంలోకి చూసింది. ముందు పెదవి వణికింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా, “అమ్మో, తుంటి నొప్పే, నవ్వించకే” అంటూ నవ్వింది. నాన్న సబ్బు నురగ చేతులతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

“ఏమైంది? ఏమైంది?”

“దిక్సూచి నన్ను అడవికి తీసుకెళ్తుందిట!”

పిన్ని నొచ్చుకోలేదు. సరిగ్గా అమరిన కోటును చూసినట్టు అక్క నవ్వు మొహాన్ని చూస్తూ కూర్చుంది. నవ్వు సద్దుమణిగాక అడిగింది, “అయితే ఏ ఆదివారం?”

అమ్మ తప్పించుకోవడానికి అంది, “ముందు నువ్వొక్కదానివీ వెళ్ళి క్షేమంగా తిరిగిరా. అప్పుడు చూద్దాం.”

అమ్మ మాటవరసకు అంది. పిన్ని మాత్రం ఆ మాటను పట్టేసుకుంది.

ఆ వారం సెలవు రోజున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. గేటు దగ్గర ఒక గార్డు, ఫ్లాస్కులోంచి టీ వంపుకుంటూ కూర్చుని ఉన్నాడట. పిన్ని దారి ఎటని అడిగితే అతను నవ్వి, “తప్పిపోవడానికి ఏముందమ్మా, గుండ్రటి దారి. చెట్లకు పసుపు పట్టీలు వేశాం. ఎటు పోయినా తిరిగి నా దగ్గరికే వస్తారు” అన్నాడట.

“మీకు నా సంగతి తెలియదండీ” అందట పిన్ని.

అన్నంత పనీ అయింది. మధ్యాహ్నం దాటాక నాకు ఫోన్ వచ్చింది. వెనకాల పెద్ద ఇంజన్ రొద. “ఒసేయ్, నేను లారీలో ఉన్నానే! దుంగల లారీ! పైన ఎంత ఎత్తుగా కూర్చోబెట్టారనుకున్నావు, డ్రైవరు పక్కన!” గుండ్రటి దారిలోంచి ఎలా జారిపోయిందో ఏమో, అడవి అవతలి వైపున్న కలప డిపోలో తేలింది. అక్కడి పనివాళ్ళు రొట్టె పెట్టి, లారీ ఎక్కించి గేటు దగ్గర దింపారు. గార్డు ఆమెను చూసి టీ ఒలకబోసుకున్నాడట.

ఇంకొకరైతే అక్కడితో చేతులెత్తేసేవారు. నేనూ అదే అన్నాను, “పోనీలే పిన్నీ, నేనూ నాన్నా తీసుకెళ్తాం” అని.

“వద్దు” అంది. “మీరు తీసుకెళ్తే మీ అమ్మ రాదు. మీరు తీసుకెళ్తే అది డాక్టరు చెప్పిన పని. నేను తీసుకెళ్తే తమాషా. తమాషా చూడ్డానికైనా వస్తుంది.”

ఆమె అంత ఆలోచించిందని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాతి సెలవుకి నన్ను వెంట రమ్మంది, కానీ ఒక షరతు మీద. “నువ్వు నా వెనకాలే రావాలి. నేను తప్పు దారి పట్టినా నోరు మెదపకూడదు.”

ఆ నడక నేను మరిచిపోలేను. ఎత్తైన పైన్ చెట్ల కింద నేలంతా గోధుమరంగు సూదాకులు. మన అడుగు మనకే వినబడదు. ఎండ పైనెక్కడో కొమ్మల్లోనే ఆగిపోతుంది, కిందికి దాని వెచ్చటి వాసన మాత్రం దిగుతుంది, బంక కారిన కర్ర వాసన. పిన్ని ముందు నడుస్తోంది. కొంత దూరం వెళ్ళాక ఆగింది, తల గోక్కుంది, ఎటో తిరిగింది. అది తప్పు దారి. నేను పళ్ళు బిగబట్టాను. నాలుగడుగులు వేసి తనంతట తానే ఆగి, వెనక్కి తిరిగి, అలా చూస్తూ నిలబడిపోయింది.

“ఏంటి పిన్నీ?”

“ఇటు నుంచి చూస్తే ఇది వేరే చోటులా ఉందే.” కొత్త సంగతి కనిపెట్టినట్టు ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. “కోటు కొలత తీసేటప్పుడు మనిషిని ముందు నుంచీ చూస్తాను, వెనక నుంచీ చూస్తాను. దారిని మాత్రం జన్మలో ఎప్పుడూ వెనక నుంచి చూడలేదు చూడు.”

అక్కడి నుంచి ప్రతి మలుపులోనూ ఆగి వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచింది. పసుపు పట్టీలను పట్టించుకోలేదు, వాటి గురించి ఎంత చెప్పినా ఆమె బుర్రకెక్కదు. ఆమె గుర్తులు వేరు. ఇక్కడ నేల మెత్తన. ఇక్కడ చెట్టు బెరడు ముతక గోనెలా ఉంది. ఇక్కడ గాలి చల్లగా తగిలింది. ఇక్కడ కూర్చోవచ్చు. కూర్చునే చోట్ల దగ్గర మరీ పట్టుదల. నరికిన మొద్దు కనిపిస్తే చాలు, కూర్చుని లేచి చూసేది. “ఇది మరీ కిందకుంది. అక్క కూర్చుంటే లేవలేదు. పక్కది చూద్దాం.” ఆ రోజు మా పిన్ని అడవిలో కూర్చోని మొద్దు లేదు.

గుట్టకు అవతలి వైపు ఏటవాలు దిగుతూ సూదాకుల మీద కాలు జారి దబ్బున కూలబడింది. నేను పరిగెత్తాను. ఆమె కింద కూర్చునే, అరచేత్తో ఆకులను నిమురుతూ ఆలోచిస్తోంది. “సిల్కు లైనింగు మీద నడిచినట్టుందే. ఎక్కేటప్పుడు ఫరవాలేదు, కాలి వేళ్ళతో పట్టు దొరుకుతుంది. దిగేటప్పుడు మడమ నిలవదు. దీన్ని ఎక్కాలి గానీ దిగకూడదు. కంకర దారి వైపు దిగాలి.”

అంటే అందరూ వెళ్ళే దిక్కుకు ఎదురుగా, వెనక నుంచి చుట్టాలన్నమాట. గేటు దగ్గర ఆ మాట చెబితే గార్డు ఒప్పుకోలేదు. “బాణం గుర్తు ఇటుంది కదమ్మా. అందరూ ఇటే వెళ్తారు.”

“అందరి తుంటిలో ఇనుప పలక ఉండదు కదండీ” అంది పిన్ని.

ఇక ఇంట్లో మొదలైంది సందడి. పిన్ని మా ముందుగదిలో తివాచీ ఎత్తి, దాని కింద దిండ్లు, చుట్టిన పాత కోట్లు, మడిచిన దుప్పట్లు పరిచి, మీద తివాచీ కప్పేసింది. “ఇదే నీ గుట్ట. నడువు.” అమ్మ కర్ర ఊతంగా వేసుకుంటూ, పళ్ళు నూరుకుంటూ, పిన్నిని పట్టుకుని ఆ గుట్టలెక్కి దిగేది. “ఇంటిని అడవి చేశావు కదే!” అని సణిగేది, కానీ మర్నాడు పిన్ని రావడం ఆలస్యమైతే గుమ్మం వైపు చూసేది.

నాన్నకూ ఒక వేషం సిద్ధమైంది. సంచుల హ్యాండిల్‌కి వాడే వెడల్పాటి పట్టీ తెచ్చి, నాన్న నడుము కొలిచి, వెనక వైపు పట్టుకోవడానికి పిడి వచ్చేలా, మూడు వరసల కుట్టు వేసి ఒక నడుము పటకా కుట్టింది. ఎక్కేటప్పుడు అమ్మ ఆ పిడి పట్టుకోవాలి.

“నన్నేమన్నా బండికి కడుతున్నావా?” అన్నాడు నాన్న.

“ఒకసారి తిరగండి బావగారూ, వెనక బిగువు చూడాలి” అంది పిన్ని, నోట్లో సూదులతో. నాన్న తిరిగాడు. ఆ పటకా ఆయనకు ఎంత నచ్చిందంటే, సాయంత్రం దాకా విప్పలేదు.

పొద్దున్నే వెళ్తే మంచుకు ఆకులు తడిగా ఉంటాయని, తడి ఆరాక వెళ్ళాలని, తిరుగు బస్సు దొరికేలా చూసుకోవాలని, అమ్మ కోటుకు లోపల పెద్ద జేబు కుట్టి అందులో నారింజలు పెట్టాలని, అన్నీ పిన్నే చూసుకుంది. బస్సు మార్గం మాత్రం నన్ను చూడమంది. “అది నా వల్ల కాదు” అని నిజాయితీగా చెప్పింది.

ఆ ఆదివారం రానే వచ్చింది. మబ్బు లేదు. అమ్మ బస్సు దిగి, గేటు ముందు నిలబడి చెట్ల తలల కేసి చూసి, “ఇంత ఎత్తుండేవా ఇవి?” అంది. పిన్ని ముందు, నాన్న, ఆయన పిడి పట్టుకుని అమ్మ, పక్కన నేను. పిన్ని ప్రతి మలుపులో ఆగి వెనక్కి తిరిగి చూస్తుంటే అమ్మ, “మమ్మల్ని లెక్కపెట్టుకుంటున్నావా?” అని ఎకసెక్కమాడింది. పిన్ని ఒక్కసారి కూడా దారి తప్పలేదు. “ఇప్పుడొక మొద్దు వస్తుంది, కూర్చోవచ్చు” అంటే మొద్దు వచ్చేది. నాన్న నా వైపు తిరిగి కనుబొమలెగరేశాడు.

సూదాకుల ఏటవాలు దగ్గర అమ్మ మొహంలో రక్తం లేదు. పిన్ని ఆమె మొహంలోకి చూడకుండా, నేల చూపిస్తూ, “ఇక్కడ కాలి వేళ్ళతో నొక్కు. ఆ వేరు మీద పెట్టు. ఇంకోటి” అంటూ నడిపించింది. అమ్మ ఎక్కింది. పైకి చేరేసరికి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. “ఆ మలుపు తిరిగితే చదును రాయి ఉందక్కా. దాని మీద కూర్చుని నారింజలు తిందాం” అంది పిన్ని.

మలుపు తిరిగాం. చదును రాయి కనబడలేదు. దాని మీద ఒక పెద్ద పైన్ చెట్టు కూలి పడి ఉంది. మధ్యలో ఎప్పుడో వీచిన గాలికి వేళ్ళతో సహా లేచి, దారికి అడ్డంగా, కొమ్మలూ ఆకులూ గోడ కట్టినట్టు పడిపోయింది. కూర్చోవడానికి చోటు లేదు, దాటడానికి సందు లేదు. ఫోన్లు తీసి చూశాం, ఒక్కదానికీ సిగ్నల్ లేదు.

“వెనక్కి వెళ్ళిపోదాం” అన్నాడు నాన్న.

అమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎక్కి వచ్చిన ఏటవాలు పైనుంచి చూస్తే నున్నగా, నిటారుగా మెరుస్తోంది. “దిగలేను” అంది. గొంతు మళ్ళీ పాత గుసగుసకు పడిపోయింది. “నేను దిగలేను. నన్నిక్కడికి ఎందుకు తెచ్చారు?” రెండు చేతులతో నాన్న పటకా పిడి పట్టుకుంది. నేను మరో పక్క ఆమె జబ్బ పట్టుకున్నాను. ఆమె ఒళ్ళంతా వణుకుతోంది.

పిన్ని మొహం పాలిపోయింది. చెట్టు కేసి, అక్క కేసి మార్చి మార్చి చూసింది. చెట్టు కింది వైపుగా పొదల్లోకి ఒక సన్నటి జాడ పోతోంది, ఎవరో ఒకరిద్దరు నడిచినట్టు. ఎక్కడికి పోతుందో తెలియదు.

“నేను చూసొస్తాను” అన్నాను.

“వద్దు. నువ్వు చెయ్యి తీస్తే అక్క కూలిపోతుంది. బావగారు కదిలితే మరీను. నేనే వెళ్ళాలి.” అమ్మ ముందుకు వచ్చి నిలబడింది. “అక్కా, నువ్వు నన్ను తిడుతూ ఉండు.”

“ఏంటీ?”

“గట్టిగా తిట్టు. ఆపకుండా. ఈ పొదల్లోకి దిగితే నాకు ఎటు వచ్చానో తెలియదు, నీకు తెలుసుగా. నీ గొంతు వినబడినంత దూరమే వెళ్తాను. వినబడకపోతే అక్కడే ఆగిపోతాను. నువ్వు ఆపావంటే నేను పోయినట్టే.”

అంది, దిగిపోయింది. కొమ్మలు కదిలాయి, ఆమె నీలం కోటు కనిపించకుండా పోయింది.

అమ్మ నోరు తెరిచింది. “జాగ్రత్తే...” అంది, నాకే సరిగా వినబడలేదు.

కింద నుంచి కేక. “వినబడటం లేదక్కా!”

“జాగ్రత్త అంటున్నానే!”

“ఇంకా గట్టిగా! కొమ్మలు అడ్డం!”

అప్పుడు అమ్మ గుండెల నిండా గాలి తీసుకుంది. “ఒసేయ్ దిక్కుమాలినదానా! చిన్నప్పుడు బడికని బయల్దేరి సర్కస్ డేరాలో దొరికావు కదే! ఆ రోజే నీ నడుముకు తాడు కట్టమని మన నాన్నతో చెప్పాను!”

“ఆఁ! ఇంకా!” అని పొదల్లోంచి జవాబు.

“నా పెళ్ళికి రమ్మంటే వేరే వాళ్ళ పెళ్ళిలో కూర్చుని, వాళ్ళ పెళ్ళికూతురికి ముద్దు పెట్టి, సుష్టుగా భోంచేసి వచ్చావు కదే! మా ఫొటోల్లో నువ్వు ఒక్కదానిలో కూడా లేవు!”

“వాళ్ళ ఫొటోల్లో ఉన్నానక్కా!” ఈసారి గొంతు ఇంకాస్త దూరం నుంచి.

నాన్న నవ్వు ఆపుకోలేక కదిలిపోతుంటే “కదలకండి!” అని అమ్మ ఆయననూ కలిపి కసిరింది. ఆ గొంతు అచ్చాఫీసు గొంతు. కత్తిరింపు యంత్రం మీదుగా వినబడే గొంతు. పైన కొమ్మల్లోంచి పక్షులు రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయాయి. అమ్మ ఊపిరి తీసుకోవడం, మళ్ళీ అందుకోవడం. రైలు సంగతి, పక్క వీధి తలుపు సంగతి, ఎవరింట్లోనో మరిచిపోయిన గొడుగుల సంగతి, నేను ఎన్నడూ విననివి కూడా ఏకరువు పెట్టింది. చూస్తుండగానే ఆమె ఒళ్ళు వణకడం తగ్గింది. తిట్టడానికి నిటారుగా నిలబడాల్సి వచ్చింది మరి. నాన్న మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి కింద నుంచి కాదు, కూలిన చెట్టుకు అవతలి వైపు నుంచి పిన్ని గొంతు వచ్చింది. “దొరికిందక్కా! కంకర దారిలో కలిసింది! తిడుతూనే ఉండు, వెనక్కొస్తున్నా!”

తిట్లను పట్టుకుని తిరిగి వచ్చింది. జుట్టు నిండా సూదాకులు, చెంప మీద గీత, మొహం వెలిగిపోతోంది. వచ్చీ రాగానే అమ్మకు దారి అంతా కళ్ళకు కట్టినట్టు చెప్పింది. “మొదట మెత్తగా ఉంటుంది, బురద కాదు, ఎండిన ఆకు. తర్వాత వేళ్ళు మెట్లలా ఉన్నాయి, ఒక చోట కొమ్మ కింద నుంచి వంగాలి, నీ తుంటికి ఇబ్బందని ఆ కొమ్మ విరిచేశాను. ఆ తర్వాత కంకరే. దిగుడు చాలా కొంచెం.”

అమ్మ అడిగింది ఒకటే మాట. “నువ్వు ముందు ఉంటావుగా?”

“నేనే ముందు.”

ఆ సన్నటి జాడలో మేం నలుగురం గొలుసులా నడిచాం. వేళ్ళ మెట్ల దగ్గర అమ్మ బరువంతా పటకా మీద వేసింది, మూడు వరసల కుట్టు పిసరంత కూడా సాగలేదు. అమ్మ ఒక అడుగు, పిన్ని “ఊఁ”, ఇంకో అడుగు, “ఊఁ”. బూటు కింద కంకర కరకరలాడింది. అందరం ఒకేసారి ఊపిరి వదిలాం.

దారి పక్కన దుంగల గుట్ట ఉంటే ఎండలో కూర్చుని నారింజలు ఒలుచుకున్నాం. అమ్మ గొంతు పూర్తిగా బొంగురుపోయింది. మాట్లాడదామని చూసి, రాక, పిన్ని జుట్టులోంచి ఒక్కో సూదాకు ఏరి పడేస్తూ కూర్చుంది. లేచేటప్పుడు నాన్న అలవాటుగా వీపు తిప్పి నిలబడ్డాడు. అమ్మ పిడి పట్టుకోలేదు. కర్ర తీసుకుని, కంకర దారి వెంట, కాస్త కుంటుతూ, తనంతట తాను నడవడం మొదలుపెట్టింది. పిన్ని గబగబా వెళ్ళి పక్కన చేరింది. గేటు వచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. నాన్నా నేనూ కావాలనే వెనకబడ్డాం.

అమ్మ ఇప్పుడు మళ్ళీ అచ్చాఫీసుకు వెళ్తోంది. ఒంటిపూట పని, అదీ కుర్చీ వేసుకుని. ఫిజియోథెరపీ అమ్మాయి మోకాలి ఆపరేషనయిన ఇంకొకావిడను అడవి నడకకని పిన్ని దగ్గరికి పంపింది. పిన్ని ఆవిడను ముందు దుకాణం తలుపు దాకా నడిపించి చూసి, “ఇంకో నాలుగు వారాలు ఆగాలండీ” అని చెప్పి పంపించిందట.

మొన్న దుకాణానికి వెళ్ళినప్పుడు, ఆమె ఒక కోటు చెయ్యి విప్పుతుంటే అడిగాను. “ఆ పొదల్లోకి దిగినప్పుడు నీకు భయం వెయ్యలేదా పిన్నీ?”

“వెయ్యకపోవడమేంటే. ఇక జన్మలో మిమ్మల్ని చూడనేమో అనుకున్నా.” పాత దారం లాగి పక్కన పడేసింది. “కానీ అక్క నాకంటే ఎక్కువ భయపడి ఉంది కదా. తనకు చెయ్యడానికి ఏదో ఒకటి ఇవ్వాలి. తిట్టడమైతే తనకు బాగా వచ్చు.”

ఆవిరి పట్టిన కిటికీ అద్దాన్ని మోచేత్తో తుడిచి, బయటికి చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. “అవునూ, వాగు పక్కనుంచి ఇంకో చుట్టు ఉందిట, గార్డు చెప్పాడు. బుధవారం ఒకసారి వెళ్ళి చూసొద్దామనుకుంటున్నా. నీకు ఖాళీయేనా?”